బేస్ తీగ పట్టుకుని డెట్రాయిట్ దాకా: ఒక బ్యాండ్ వెనక ఉన్న సోల్, ఫంక్, జాజ్‌ని వినడం ఎట్లా?

పోయిన వేసవిలో మా అక్క కొడుకు తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ కొట్టు ముందు నిలబడి, ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టి ఇంకోటి వాడి చెవిలో ఉంచుకుని, "మామా, బేస్ ఒక్కటే విను" అన్నాడు. మిగతాది వినడానికి అందులో మాటలే లేవు. బేస్ గిటార్ ఒకటి ఊపిరి తీసుకోకుండా పరిగెత్తుతోంది, తక్కిన వాయిద్యాలన్నీ పక్కకు జరిగి దానికి దారి ఇస్తున్నాయి. నా టీ చల్లారిపోయింది.

"ఎవర్రా వీళ్లు?"

"వల్ఫ్‌పెక్ అని అమెరికా బ్యాండు. బేస్ వాయించేది జో డార్ట్."

నేను ఇరవై ఏళ్లకు పైగా తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె కల్యాణ మండపాల్లో బేస్ గిటార్ వాయిస్తున్నా. శనివారం రాత్రి రిసెప్షన్‌లో పాటకచ్చేరి, ఆదివారం పొద్దున ఒక చర్చిలో ఆరాధన పాటలు. ఇళయరాజా పాటల్లో బేస్ ఏం చేస్తోందో క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకున్న తరం నాది. అందుకే ఆ బేస్ వినగానే ఒకటి మాత్రం అర్థమైంది. ఈ చెయ్యి ఎవరో పెద్దవాళ్ల దగ్గర నుంచి వచ్చింది. ఎవరి దగ్గర నుంచో నాకు తెలియలేదు. మావాడికీ తెలియదు. ఇద్దరం కలిసి వెతకడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఆ వెతుకులాట మమ్మల్ని అమెరికా నల్లజాతివాళ్ల సంగీతాల దగ్గరికి తీసుకుపోయింది: చర్చి పాటల్లోంచి వచ్చిన సోల్, లయే ప్రాణమైన ఫంక్, అప్పటికప్పుడు అల్లి వాయించే జాజ్. ఏం చేశామో, మీరు చేయాలంటే ఏది ముందు, ఏది తర్వాతో రాస్తున్నా. వాయిద్యం రానివాళ్లకు కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

ముందు ఫోన్ స్పీకర్ ఆపండి

బేస్ గిటార్‌లో లావు తీగను వట్టిగా మీటితే వచ్చే స్వరం దాదాపు 41 హెర్ట్జ్. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్‌కు ఆ స్వరం పలికే శక్తి లేదు. దాంతోపాటే పుట్టే పై స్వరాల్ని (ఓవర్‌టోన్లు) పట్టుకుని మన మెదడే ఏదో ఊహించుకుంటుంది. అంటే ఫోన్‌లో వింటున్నంత కాలం ఈ సంగీతంలో అసలైన సగం మీకు చేరనట్టే. తిలక్ రోడ్డులో దొరికే మామూలు వైర్ ఇయర్‌ఫోన్ చాలు. బ్లూటూత్ కూడా వినడానికి పర్వాలేదు కానీ, దాంతో పాటు మీరు వాయించాలన్నా చప్పట్లు కొట్టాలన్నా ధ్వని కాస్త ఆలస్యంగా వస్తుంది. మీ చేతిదే తప్పనుకుని తిట్టుకుంటారు. నేను రెండు రోజులు తిట్టుకున్నా.

తర్వాత ఒక ట్రాక్ ఎంచుకోండి. పది కాదు, ఒక్కటే. మేం ఎంచుకున్నది 2016లో వచ్చిన 'డీన్ టౌన్'. దాన్నే వరసగా అయిదు సార్లు వినండి, ఒక్కోసారి ఒక్కో మనిషినే. మొదటిసారి బేస్, రెండోసారి డ్రమ్స్‌లో కుడికాలు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), మూడోసారి స్నేర్ డ్రమ్ము (పుల్లలతో కొట్టే, గరగరమని పలికే చిన్న డ్రమ్ము), నాలుగోసారి గిటార్, చివర్లో కీబోర్డు. పాటలో గొంతు ఉంటే దాన్ని అన్నిటికన్నా ఆఖరున వినండి. మనకు సినిమా పాట అలవాటు కాబట్టి చెవి పరిగెత్తుకుంటూ గొంతు దగ్గరికే పోతుంది. దాన్ని లాగి కింద కూర్చోబెట్టాలి.

ఈ బ్యాండుతో ఒక సౌకర్యం ఉంది. వీళ్ల వీడియోలు చాలావరకు ఒక గదిలో కూర్చుని వాయిస్తుండగా తీసినవే. చేతులు కనిపిస్తాయి. డ్రమ్స్ వాయించిన మనిషి తర్వాతి పాటలో గిటార్ పట్టుకుని ఉంటాడు. జాక్ స్ట్రాటన్, థియో కాట్జ్‌మన్ ఇద్దరూ అట్లా మారుతూ ఉంటారు. చూస్తూ వినడం తప్పేం కాదు. స్టేజీ మీద మేం చేసేదీ అదే. కీబోర్డు అన్న భుజం ఎప్పుడు లేస్తుందో చూసే నేను స్వరం మారుస్తా.

విన్న ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాయండి. సంగీతం భాషలో అక్కర్లేదు, మీ మాటల్లోనే. మావాడు గిటార్ గురించి మొదట రాసింది, "కొబ్బరి కోరుతున్నట్టుంది." నవ్వాను గానీ, నెల తర్వాత చూస్తే అంతకన్నా సరైన వర్ణన నాకూ దొరకలేదు.

చప్పట్లు ఎక్కడ పడాలి?

ఇక్కడే మనవాళ్లు తడబడతారు. భజనలో గానీ చర్చిలో గానీ కచ్చేరిలో గానీ, నాలుగు లెక్కల్లో మన చప్పట్లు ఒకటి, మూడు మీద పడతాయి. సోల్, ఫంక్ సంగీతంలో చప్పట్లు రెండు, నాలుగు మీద. స్నేర్ డ్రమ్ము దెబ్బ పడేదీ అక్కడే. దీన్ని చదివి నేర్చుకోలేరు, నడిచి నేర్చుకోవాలి. డాబా మీద మామూలు నడక నడవండి. ఎడమ కాలు ఒకటి, కుడి కాలు రెండు, ఎడమ మూడు, కుడి నాలుగు. చప్పట్లు కుడి కాలు పడినప్పుడే కొట్టండి. రెండు నిమిషాల్లో మీకు తెలియకుండానే చప్పట్లు ఎడమ కాలికి మారిపోతాయి. మళ్లీ మొదలుపెట్టండి. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. పక్కింటావిడ మా ఆవిణ్ణి, "అన్నకు డాక్టరు నడవమన్నాడా?" అని అడిగింది.

అది కుదిరాక ప్రతి అడుగుకూ నోటితో "తకధిమి" అనండి. నాలుగు అడుగులకు పదహారు అక్షరాలు. ఫంక్ అంతా ఈ పదహారు గళ్లలోనే జరుగుతుంది. ఏ గడిలో దెబ్బ పడింది, ఏ గడి ఖాళీగా వదిలారు, అంతే లెక్క. మృదంగం కాస్త తెలిసినవాళ్లకు ఇది చిటికెలో పని.

డెట్రాయిట్‌లో ఒక ఇల్లు

వల్ఫ్‌పెక్ వాళ్లది మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్. అక్కడి యూనివర్సిటీలో సంగీతం చదువుకుంటూ 2011లో మొదలుపెట్టారు. ఆన్ ఆర్బర్ నుంచి డెట్రాయిట్‌కు సుమారు 70 కిలోమీటర్లు, అంటే మనకు తిరుపతి నుంచి చిత్తూరు. అంత దగ్గర్లోనే, వెస్ట్ గ్రాండ్ బొలవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు ఉంది. బెర్రీ గోర్డీ 1959లో కొని, దాన్నే మోటౌన్ రికార్డింగ్ కంపెనీకి స్టూడియోగా మార్చాడు. పై నుంచి వైర్లు వేలాడుతుంటాయని ఆ గదికి పాముల గుంట అని పేరు పెట్టుకున్నారట వాయించేవాళ్లు.

ఆ వాయించేవాళ్లను ఫంక్ బ్రదర్స్ అంటారు. పగలు ఆ గదిలో పాటలు, రాత్రిళ్లు ఊళ్లో క్లబ్బుల్లో జాజ్. ఏళ్ల తరబడి మోటౌన్ రికార్డు అట్టల మీద పాడినవాళ్ల పేర్లే ఉండేవి. వాయించినవాళ్ల పేర్లు మొదటిసారి పడింది 1971లో, గాయకుడు మార్విన్ గే ఆల్బం 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద. ఈ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు ఏం మాట్లాడలేదు. మా కచ్చేరి ఫ్లెక్సీలో సింగర్ల ఫొటోలుంటాయి, యాంకర్ ఫొటో ఉంటుంది. బేస్ వాయించేవాడు "అండ్ టీమ్"లో ఉంటాడు.

వల్ఫ్‌పెక్‌ను మొదలుపెట్టినప్పుడు జాక్ స్ట్రాటన్ మనసులో ఉన్నది ఆ ఫంక్ బ్రదర్స్ లాంటి స్టూడియో బృందాలే. 1960లలో అట్లాంటి స్టూడియో బృందం జర్మనీలో ఉండి ఉంటే ఎట్లా వాయించేది అని ఊహించుకుని బ్యాండు కట్టాడు. పేరు జర్మన్ పేరులా వినిపించేది అందుకే.

ఇప్పుడు వినాల్సింది జేమ్స్ జేమర్సన్‌ని. మోటౌన్ పాటల్లో మీరు విన్న బేస్ చాలావరకు ఈయనదే. మొదట నిలబెట్టి వాయించే డబుల్ బేస్‌తో జాజ్ వాయించేవాడు, తర్వాత ఫెండర్ ప్రెసిషన్ ఎలక్ట్రిక్ బేస్‌కు మారాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతోనే మీటేవాడు. ఆ వేలికి 'హుక్' అని పేరు. నేను రెండు వేళ్లు మార్చి మార్చి వాడతా, నాకు తెలిసినవాళ్లందరూ అంతే. ఒకరోజు పట్టుదలగా ఒక్క వేలితో మొదలుపెట్టా. మూడో నిమిషానికి ముంజేయి పట్టేసింది. కానీ ఆ మూడు నిమిషాల్లో ఒకటి తెలిసింది. ఒకే వేలు కాబట్టి ప్రతి స్వరం ఒకే బరువుతో పడుతుంది, కింది తీగకు వచ్చేటప్పుడు వేలు లాక్కుంటూ జారుతుంది. ఆ జారుడులోనే ఊపు ఉంది.

ఆయన తీగలు పాతబడినా మార్చేవాడు కాదు. దానివల్ల స్వరం గణగణమని మోగదు, "దుమ్" అని పడి అక్కడే ఆగుతుంది. ఇంట్లో ప్రయత్నించాలంటే బేస్ బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చండి. గిన్నెలు తోమే స్పాంజి చాలు, కొత్తది.

ఎట్లా వినాలంటే, పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటు పట్టుకోండి. ఆ ఖాళీలో జేమర్సన్ ఏదో ఒకటి మాట్లాడతాడు. గొంతు రాగానే సర్దుకుంటాడు. ఇది జాజ్ క్లబ్బులో అలవడిన చెయ్యి. ఆ మాట్లాడే గుణమే జో డార్ట్ వేళ్లలోకీ వచ్చింది. ఇద్దరి ట్రాకులూ ఒకదాని వెంట ఒకటి పెట్టి వినండి. నేను చెప్పే దానికన్నా మీ చెవి ఎక్కువ చెబుతుంది.

సోల్‌కు ఇంకో ఊరు మెంఫిస్. అక్కడి స్టాక్స్ కంపెనీ పాత సినిమా హాలునే స్టూడియోగా మార్చింది. మోటౌన్ మీద పాలిష్ ఉంటుంది, స్టాక్స్ గరుగ్గా ఉంటుంది. 1962 నాటి బుకర్ టి అండ్ ది ఎంజీస్ బ్యాండు పాట ఒక్కటి వింటే తేడా తెలుస్తుంది. నలుగురే మనుషులు, ఎవరూ ఎక్కువ వాయించరు.

గొంతు సంగతి కూడా చెప్పాలి. సోల్ పాట చర్చిలో పుట్టింది. 1950లలో గాయకుడు రే చార్లెస్ చర్చి పాట నడకను తీసుకొచ్చి ప్రేమ పాటకు తొడిగితే కొందరు భక్తులు కోప్పడ్డారు కూడా. ముందు ఒకరు అంటారు, తర్వాత అందరూ అందుకుంటారు. మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అలిపిరి మెట్ల మీద ముందు ఒకాయన "ఏడుకొండలవాడా, వెంకటరమణా" అంటే, వెనకున్న యాభైమంది "గోవిందా, గోవింద" అంటారు. ఆ రెండింటి మధ్య ఉండే చిన్న ఖాళీని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తా. వల్ఫ్‌పెక్‌తో పాడే ఆంట్వాన్ స్టాన్లీ చర్చి పాటలతో పెరిగిన గాయకుడు. ఆయన గొంతులో బిర్కాలు వింటే వెంటనే తెలిసిపోతుంది.

పలకలో సన్నపుల్ల

జాతరలో పలక వాయించేవాళ్లను దగ్గరి నుంచి చూసే ఉంటారు. ముందు గడ్డి మంట వేసి చర్మం వేడి చేస్తారు. వేలితో తట్టి చూస్తారు, బిగువు చాల్లేదనిపిస్తే మళ్లీ మంట దగ్గర పెడతారు. తర్వాత ఒక చేత్తో లావు కట్టె, ఇంకో చేత్తో సన్నపుల్ల. లావు కట్టె దెబ్బ వీధి చివరిదాకా వినిపిస్తుంది. సన్నపుల్ల మాత్రం దగ్గర నిలబడినవాళ్లకే వినిపిస్తుంది, చిటచిటమని, మధ్య గళ్లను నింపుతూ. దూరం నుంచి మీకది వినిపించదు. కానీ ఆపేస్తే మాత్రం ఊపు పోయిందని కాళ్లకు తెలిసిపోతుంది.

ఫంక్ డ్రమ్మర్లు స్నేర్ మీద ఎడమ చేత్తో చేసే పని అదే. అంత మెత్తటి దెబ్బలను ఘోస్ట్ నోట్స్ అంటారు, దయ్యం స్వరాలు. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ను వినండి. ఆయన పెరిగిన చాటనూగా ఊళ్లో ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు వింటూ లయ పట్టుకున్నానని చెప్పుకున్నాడు. రేణిగుంట జంక్షన్ పక్కన పెరిగిన నాకు ఆ భాగ్యం ఎందుకు దక్కలేదో! 1970లో వచ్చిన ఒక పాటలో ఆయన ఒంటరిగా వాయించిన కాసింత డ్రమ్స్‌ను తర్వాత హిప్‌హాప్ వాళ్లు లెక్కలేనన్ని పాటల్లో కోసి అతికించుకున్నారు. ఆయనకు దక్కింది మాత్రం ఏమంత లేదు.

జేమ్స్ బ్రౌన్ తన వాళ్లకు పెట్టిన నియమం ఒక్కటే, "ఒకటి" మీద అందరూ కలవాలి. మనం సమం అంటాం. మధ్యలో ఎవరి దారి వాళ్లదైనా సమానికి అందరూ ఇంటికి రావాలి. వినేటప్పుడు వేలితో ఒకటి మాత్రమే కొట్టండి, మిగతా మూడు లెక్కలూ వదిలేయండి. ఆ ఒక్క దెబ్బ మీద బేస్, డ్రమ్స్, గిటార్ ఎంత బరువుగా వాలతాయో తెలుస్తుంది.

ఇక కొబ్బరి కోరే గిటార్. దాని పెద్దమనిషి జేమ్స్ బ్రౌన్ గిటారిస్టు జిమ్మీ నోలెన్. ఎడమచెయ్యి తీగల మీద వదులుగా ఆనించి, కుడిచెయ్యి పదహారు గళ్లలోనూ కదుపుతూనే ఉంటాడు. ఎడమచెయ్యి నొక్కిన చోట మాత్రమే స్వరం, మిగతా అంతా "చిక చిక". గిటార్ ఉన్నవాళ్లు ఈ ఒక్క కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పట్టుకోండి. లావు తీగ వదిలేయండి, అయిదో తీగ 7వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కడ్డీ), నాలుగో తీగ 6, మిగతా సన్న తీగలు మూడూ 7. దీన్ని E9 (ఇ-నైన్త్) అంటారు. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశిక నిషాదం, పైన చతుశ్రుతి రిషభం. అరగంట ఈ ఒక్క కార్డుతోనే గడపండి. కార్డు మార్చాలని చెయ్యి దురద పెడుతుంది, మార్చొద్దు. వల్ఫ్‌పెక్‌తో వాయించే కోరీ వాంగ్ కుడిచెయ్యి ఈ గూటి నుంచే వచ్చింది.

బొటనవేలితో తీగను కొట్టి, చూపుడువేలితో లాగి వదిలే పద్ధతి బేస్ వాద్యకారుడు ల్యారీ గ్రాహంది. వాళ్లమ్మతో క్లబ్బుల్లో వాయించేటప్పుడు డ్రమ్మర్ లేడు. డ్రమ్ము పనీ తనే చేద్దామని కొట్టడం మొదలుపెట్టాడు, బొటనవేలు కాలి డ్రమ్ము, లాగింది స్నేరు. ప్యాడ్స్ వాయించేవాడు రాని రిహార్సల్స్ నేను వంద చూశా. ఒక్కసారి కూడా నాకీ ఆలోచన రాలేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పేస్తా. రెండు నెలలు ఇవన్నీ సాధన చేసి చెయ్యి కుదిరిందన్న పొగరుతో, ఒక రిసెప్షన్‌లో మెలోడీ డ్యూయెట్‌కు కింద పదహారు గళ్లూ నింపేశాను. దయ్యం స్వరాలు, జారుళ్లు, అన్నీ. పల్లవి అయ్యేసరికి పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. చరణంలో ఎత్తుగడ తప్పింది. స్టేజీ ముందు చక్కగా అడుగులేస్తున్న పెళ్లికూతురు మేనమామ ఆగిపోయి, పోయి కుర్చీలో కూర్చున్నాడు. కీబోర్డు అన్న మైకు పక్కకు తిప్పి, "ఏందిరా అది, చీమలు పాకినట్టు?" అన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి 'డీన్ టౌన్' కాకుండా ఆ బ్యాండువే మిగతా పాటలు విన్నా. గొంతు ఉన్న పాటల్లో జో డార్ట్ ఎంత వదిలేస్తున్నాడో అప్పుడు గానీ కనబడలేదు. మీరు కూడా నోట్‌బుక్‌లో ఒక పేజీ వాయించని గళ్ల కోసం ఉంచండి. ఆ పేజీ నింపడం కష్టం.

ఖరహరప్రియ తెలిస్తే జాజ్ తలుపు సగం తీసి ఉన్నట్టే

జాజ్ అనగానే మనవాళ్లు భయపడతారు. అందులో అన్నీ అంతుపట్టవు, నిజమే. కానీ ఒక తలుపు మన వైపు తెరిచే ఉంది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బం 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి ట్రాక్ 'సో వాట్' పెట్టండి. అది డి డోరియన్ అనే స్వరవరసలో నడుస్తుంది. మీకు తెలిసిన పేరు చెప్పాలంటే రెండో తెల్లమెట్టు షడ్జంగా ఖరహరప్రియ స్వరాలు. కీబోర్డు మీద డి నుంచి డి దాకా తెల్లమెట్లు మాత్రమే నొక్కండి, అంతే. 16 బార్లు (ఒక్కో బారుకు నాలుగు లెక్కలు) అట్లా పోయి, 8 బార్లు అవే స్వరాలు అరమెట్టు పైకి జరుగుతాయి, మళ్లీ 8 బార్లు వెనక్కి. రాగం మారదు, శ్రుతి జరుగుతుంది. ఎస్వీ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటున్న మా వీధి అమ్మాయికి వినిపిస్తే, జరిగిన చోటును మొదటిసారే వేలెత్తి చూపింది. నాకు నాలుగోసారి గానీ దొరకలేదు. గమకాలు లేవు కాబట్టి అది ఖరహరప్రియ అని ఆ అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. ఆ మాటా నిజమే.

ఆ ట్రాక్ మొదట్లో బేస్ ఒక మాట అడుగుతుంది. మిగతావాళ్లు రెండే రెండు ముక్కల్లో జవాబిస్తారు. బేస్ మళ్లీ అడుగుతుంది, మళ్లీ ఆ రెండు ముక్కలే. మెట్ల మీది "గోవిందా, గోవింద" గుర్తుందా? మావాడు మొదట విన్నప్పుడు నవ్వి ఆ మాటే నోటితో కలిపి పాడాడు, సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు 1967లో జేమ్స్ బ్రౌన్ పాట 'కోల్డ్ స్వెట్' పెట్టండి. ఫంక్ ఇక్కడే మొదలైందని చాలామంది అంటారు. అందులో బాకాలు కూర్చిన సాక్సోఫోన్ వాద్యకారుడు పీ వీ ఎల్లిస్, ఆ ముక్క తనకు 'సో వాట్' నుంచే తట్టిందని చెప్పాడు. రెండూ పక్కపక్కన వినండి. చర్చిలో ప్రశ్న, జవాబు జాజ్‌లోకి పోయి, అక్కడి నుంచి ఫంక్‌లోకి దూకడం మీ చెవులతో మీరే వింటారు. ఈ ఎనిమిది నెలల్లో నాకు ఒళ్లు జలదరించింది ఇక్కడే.

ఇంకో రెండు మెట్లున్నాయి. మైల్స్ డేవిస్ దగ్గర పియానో వాయించిన హెర్బీ హాంకాక్ 1973లో 'హెడ్ హంటర్స్' ఆల్బం చేశాడు, జాజ్ మనిషి పూర్తిగా ఫంక్‌లోకి దిగాడు. అందులో మొదటి ట్రాక్‌కు ప్రాణంలాంటి బేస్ లైను బేస్ గిటార్ మీద వాయించింది కాదు, సింథసైజర్ మీద. మొదటి భాగంలో దాని స్వరాలు చూస్తే మళ్లీ ఖరహరప్రియ వరసే, షడ్జం మాత్రం వేరు. తర్వాత 1977లో వెదర్ రిపోర్ట్ బ్యాండులో జాకో పాస్టోరియస్ 'టీన్ టౌన్' అనే ట్రాక్ చేశాడు. ఫ్రెట్లు లేని బేస్, ఊపిరాడని పరుగు. ఆ ట్రాక్‌లో డ్రమ్స్ కూడా ఆయనే. 'టీన్ టౌన్', 'డీన్ టౌన్'. పేరులోనే దండం పెట్టారు కుర్రాళ్లు. టీ కొట్టు దగ్గర నాకు వినబడిన పెద్దమనుషుల్లో ఈయన ఒకడు.

జాజ్‌లో స్వింగ్ అనే ఊగే నడక గురించి ఒక్క మాట. "తకిట" అంటూ మధ్య అక్షరం మింగేయండి, "త-ట, త-ట". స్వింగ్ నడక ఉజ్జాయింపుగా అదే. వేగం పెరిగే కొద్దీ ఆ ఒంపు చదునైపోతుంది, కాబట్టి దాన్ని లెక్కగా కాకుండా నడకగానే పట్టుకోండి.

వేరే బ్యాండు తీసుకున్నా దారి ఇదే. ముందు వాళ్లు ఎవరిని పిలిచి వాయించమన్నారో చూడండి. వల్ఫ్‌పెక్ వాళ్లు 2017 ఆల్బంలో జేమ్స్ గ్యాడ్సన్‌తో డ్రమ్స్, డేవిడ్ టి. వాకర్‌తో గిటార్ వాయింపించుకున్నారు. గ్యాడ్సన్ 1972లో సోల్ గాయకుడు బిల్ విదర్స్ ఆల్బంలో వాయించిన మనిషి, వాకర్ జాక్సన్ 5 అనే బృందం రికార్డుల్లో వాయించిన మనిషి. అతిథి పేరు పట్టుకుంటే చాలు, వంశవృక్షం దానంతట అదే దొరుకుతుంది. తర్వాత, వాళ్లు ఇష్టపడే సంగీతం ఏ దేశానిదో చూడండి. హ్యూస్టన్‌కు చెందిన క్రుంగ్‌బిన్ బ్యాండు వింటుంటే ఫంక్ తెలుస్తుంది గానీ, గిటార్ మాత్రం ఎక్కడో తూర్పు దిక్కు నుంచి వస్తున్నట్టుంటుంది. 1960లు, 70లలో థాయ్‌లాండ్‌లో వచ్చిన ఫంక్ పాటలు వాళ్లకు ప్రాణం. బ్యాండు పేరు కూడా థాయ్ మాటే, విమానం అని అర్థం.

డబ్బు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. వల్ఫ్‌పెక్ వాళ్లు 2014లో పది ట్రాకులతో అసలు శబ్దమే లేని ఆల్బం పెట్టి, రాత్రి నిద్రపోయేటప్పుడు ఆడిస్తూ ఉండండని అభిమానులకు చెప్పారు. సుమారు 20,000 డాలర్లు వస్తే ఆ డబ్బుతో టికెట్ లేని కచ్చేరీలు చేశారు. ఈ కథ మా కీబోర్డు అన్నకు చెబితే, "మనం వాయించకపోతే అడ్వాన్స్ వెనక్కి అడుగుతారు" అన్నాడు. వాళ్లే 2019 సెప్టెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించారు. ఆ వీడియోలో 'డీన్ టౌన్' వచ్చినప్పుడు చూడండి. మాటల్లేని బేస్ లైన్‌ను హాలు హాలంతా నోటితో పాడుతుంది. ఇరవై ఏళ్లుగా బేస్ వాయిస్తున్నవాణ్ణి, అది చూస్తూ కళ్లు తుడుచుకున్నా. మావాడు చూడనట్టు అటు తిరిగాడు.

ఈసారి మే నెలలో గంగమ్మ జాతరకు ఇద్దరం పోయాం. వేషాలు వెళ్తుంటే పలకల వాళ్ల పక్కన నిలబడి మావాడు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. "మామా, ఇందులో ఒకటి ఎక్కడ?" అన్నాడు. నేనో చోట వేలు కొట్టా. వాడు ఇంకో చోట కొట్టాడు. కాసేపు వాదించుకున్నాం. మంట దగ్గర పలక కాచుకుంటున్న ముసలాయన దగ్గరికి పోయి, "తాతా, దీనికి ఎత్తుగడ ఎక్కడ?" అని అడిగా. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఏమీ చెప్పకుండా కాలు ఒకసారి నేలకేసి కొట్టాడు. ఆ కాలు పడిన చోట మా ఇద్దరి లెక్కలోనూ ఖాళీ గడే ఉంది.